హోటలు బల్ల

భార్యాభర్తలు నెలకోసారి హోటలుకు వెళ్ళి తినిరావటంలో వ్యాసం రాయవలసినంత ఏముంది అని పాఠకులు అడగవచ్చు. ఆరు నెలల క్రితం అయితే నేనూ అదే అడిగేదాన్ని. మనిషి రోజువారీ అలవాట్లలో సంఘం ఎట్లా దాగి ఉంటుందో క్లాసులో పిల్లలకు గంటలకొద్దీ చెబుతాను. నా అలవాటు ఒకదాన్ని అదే దృష్టితో చూడటానికి మాత్రం నా విద్యార్థి ఒకడు నా ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టవలసి వచ్చింది.

మేము చిక్కడపల్లిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటాం. అత్తగారు, మామగారు, మేమిద్దరం. నేనూ, నా భర్తా యూనివర్సిటీలో కలిసి చదువుకున్నాం. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఒకరినొకరం "నువ్వు" అనుకున్నాం. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన మర్నాడు "నువ్వు చాయ్ తాగినవా?" అని అతన్ని అడిగాను. అత్తగారు చేస్తున్న పని ఆపి నావంక చూశారు. అంతకన్న ఏమీ అనలేదు. ఆ సాయంత్రానికల్లా అతను నాకు "మీరు" అయిపోయినాడు. నేను మాత్రం అతనికి "నువ్వు"గానే ఉండిపోయినాను. స్త్రీ పురుష సమానత్వం మీద మేమిద్దరం ఎన్ని సభల్లో మాట్లాడామో ఆ చూపుకు తెలియదు. తెలిసినా లెక్కచేసేది కాదు.

ఆ పోయిన "నువ్వు"ను నెలకోసారైనా దక్కించుకోవటానికే మేము హోటళ్ళకు తిరగటం మొదలుపెట్టామని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అట్లా అనుకోలేదు. కాస్త గాలి మార్పు అనుకున్నాం. మా కాలేజీ ఇంగ్లీషు లెక్చరరు దీన్ని "డేట్ నైట్" అంటుంది. రెండో శనివారం సాయంత్రం బయలుదేరుతాం. 2023 డిసెంబరు నుంచీ బస్సులో నాకు టికెట్టు డబ్బుల్లేవు, అతనికి ఉన్నాయి. కండక్టరు అతని దగ్గర ఒక్కడి డబ్బే తీసుకుంటుంటే ఇద్దరికీ నవ్వు వస్తుంది. కోఠిలో చాట్ తిన్నాం. ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్‌లో సినిమా వదిలిన జనంతో తోసుకుంటూ బిర్యానీ తిన్నాం. జీతం ఆలస్యమైన నెలల్లో ఇరానీ హోటల్లో రెండు చాయ్‌లు, నాలుగు ఉస్మానియా బిస్కట్లు పెట్టుకుని గంటసేపు కూర్చున్నాం. ఎక్కడైనా సరే, అటు కుర్చీలో అతను, ఇటు కుర్చీలో నేను. "నువ్వేం తింటావు?" అని నేను అడగవచ్చు.

మాట్లాడుకోవటానికి హోటలే ఎందుకు? డబ్బు పెట్టకుండా ఇద్దరు మనుషులు తీరికగా కూర్చునే చోటు ఈ నగరంలో ఎక్కడుంది? మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఇందిరా పార్కు ఉంది. 2021లో అక్కడ పెళ్ళికాని జంటలకు ప్రవేశం లేదని బోర్డు కట్టారు. నలుగురూ తప్పుపట్టాక తీసేశారు. పెళ్ళయినవాళ్ళకు ఏం భయమని కొందరు అనవచ్చు. పెళ్ళయినట్టు మొహాన రాసి ఉండదు. రుజువు చూపించి బెంచీ మీద కూర్చోవలసిన చోట ఎవరికీ విశ్రాంతి ఉండదు. టాంక్‌బండ్ మీద వేమన, మొల్ల విగ్రహాలున్నాయి, నీటి మీదుగా వచ్చే గాలి ఉంది. కాని మామూలు రోజుల్లో బండ్ల రొదలో పక్కవాళ్ళ మాట వినిపించదు. అందుచేత మధ్యతరగతి జంటకు హోటలు బల్ల అంటే తిండి కొనుక్కునే చోటు మాత్రమే కాదు. ఇల్లూ, ఊరూ ఇవ్వని ఏకాంతాన్ని గంటల లెక్కన అద్దెకు తెచ్చుకునే చోటు.

ఊరు తిరగటం, బయట తినటం మన సాహిత్యానికి కొత్త కాదు. "క్రీడాభిరామం"లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. అందులో పూటకూటి ఇంట్లో రూకకు పెట్టే భోజనం గురించి చదివితే కడుపు నిండినవాడికి కూడా ఆకలి పుడుతుంది. అయితే తిరిగేవాళ్ళూ తినేవాళ్ళూ మగవాళ్ళే. ఆడవాళ్ళు వాళ్ళు చూసే దృశ్యాల్లో భాగం. "కన్యాశుల్కం"లో పూటకూళ్ళమ్మ డబ్బు తీసుకుని వండిపెడుతుంది. వితంతువుకు ఆనాడు మిగిలిన కొద్దిపాటి బతుకుతెరువుల్లో అదొకటి. వండి వడ్డించే స్త్రీ మన పుస్తకాల్లో మొదటినుంచీ ఉంది. డబ్బిచ్చి, కూర్చుని, వడ్డించుకుని తినే స్త్రీ చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చినప్పుడు హోటళ్ళవాళ్ళు ఆమెకు తెరకట్టిన "ఫ్యామిలీ రూము" చూపించారు. తెర వెనక కూర్చోబెట్టారన్నది నిజం. కూర్చోబెట్టారన్నది కూడా నిజమే.

కులాన్ని కూడా హోటలు అంత సులభంగా వదల్లేదు. దక్షిణాదిన బ్రాహ్మణులకు వేరే గదులున్న హోటళ్ళుండేవి. మద్రాసులో ఒక హోటలు పేరులో ఉన్న "బ్రాహ్మణ" అనే మాట తీసెయ్యాలని 1957లో పెరియార్ ఉద్యమం నడపవలసి వచ్చింది. హోటళ్ళలో ప్రవేశానికి కులం అడ్డు కాకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్పింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. అయినా ఆ తరవాత కూడా పల్లెల్లో టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి సాగింది. ముక్కూ మొహం తెలియని మనిషి పక్కన కూర్చుని తినే హక్కు ఇన్ని పోరాటాల మీద వచ్చింది. కనక హోటలు తిండి బూర్జువా విలాసమని తీసిపారేసే మిత్రులతో నేను ఏకీభవించలేను. ఆ మిత్రుల ఇళ్ళలో మూడుపూటలా వంట ఎవరు చేస్తున్నారో నాకు తెలుసు.

అంతమాత్రాన హోటలుకు వెళితే ఆడదానికి ఆ పూట వంట తప్పుతుందనుకోవటం ఇంకొక భ్రమ. ప్రతి రెండో శనివారం నేను అత్తగారికి, మామగారికి అన్నం, కూర, చారు చేసి, గిన్నెల మీద మూతలు పెట్టి, చెమట తుడుచుకుని చీర మార్చుకునేదాన్ని. "ఇంట్ల తిండి లేదా బిడ్డా?" అని అత్తగారు అడిగేవారు. అది దెప్పటం అనుకునేదాన్ని. ఇంట్లో తిండి ఉంది. వండింది నేనే. నాకు వంటనుంచి విముక్తి ప్రసాదిస్తున్నానన్న తృప్తితో నా భర్త గుమ్మంలో నిలబడి చెప్పులు తొడుక్కుంటూ ఉండేవాడు. ఈ సంగతి అతనికి చెప్పటానికి నాకు రెండేళ్ళు పట్టింది. చెప్పింది హోటల్లోనే. ఆ వాదం సగంలో ఉండగానే అసలు సంగతి జరిగింది.

ఆ హోటలు పేరు అనవసరం. "నువ్వు పోయినసారి కూడా ఇట్లాగే మాట దాటేశావు" అని నేను గట్టిగానే అంటున్నాను. బల్ల మీద గ్లాసు పెడుతున్న చెయ్యి ఆగింది.

"నమస్తే మేడమ్."

తలెత్తి చూస్తే మా బి.ఏ. రెండో సంవత్సరం కుర్రవాడు. నా మొదటి పీరియడుకు రాడు. హాజరుపట్టీలో అతని పేరు పక్కన వరసగా గైరుహాజరు వేసింది నేనే. వారం క్రితం డెబ్బై అయిదు శాతం హాజరు లేనివాళ్ళ పేర్లు క్లాసులో చదివి, "పొద్దున లేవటం చాతగానివాళ్ళకు డిగ్రీ ఎందుకు?" అని అందరి ముందూ అన్నాను. అతను ఆ రోజు వచ్చాడు. వెనక బెంచీలో కూర్చుని విన్నాడు.

"మీరేం తింటారు?" అని నా భర్తను అడిగాను.

నా నోట ఆ "మీరు" ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. అతను ఆశ్చర్యంగా నావంక చూశాడు. అత్తగారి చూపు తప్పించుకోవటానికి ఇంత దూరం వచ్చినదాన్ని, ఒక విద్యార్థి చూపుకు లొంగిపోయినాను. ఇంట్లో కిందిదాన్ని గనక "మీరు" అన్నాను. ఇక్కడ పైదాన్ని గనక, ఆ పైస్థానం చెడకుండా "మీరు" అన్నాను. రెండు చోట్లా నాచేత అనిపించిన భయం ఒకటే.

ఆ కుర్రవాడు చేతులు వెనక కట్టుకుని, తినటానికి ఏమున్నాయో ఏకబిగిన చెప్పాడు. క్లాసులో పద్యం అప్పజెప్పమంటే అంత తడుముకోకుండా చెప్పగలడని నేనెన్నడూ అనుకోలేదు. అరగంటసేపు మేము కూర్చున్నాం, అతను నిలబడ్డాడు. కూర్చోమని అనటానికి నాకు హక్కు లేదు, కూర్చోవటానికి అతనికి వీలు లేదు. మేమిద్దరం సమానంగా ఎదురెదురుగా కూర్చునే ఆ బల్ల ఒక మూడో మనిషి నిలబడితేనే నిలుస్తుందన్న సంగతి ఇన్ని నెలలూ నా కంటికి ఆనలేదు. ఎదుట నిలబడినవాడు పేరులేని సర్వరు అయినంతకాలం ఆనలేదు. హాజరుపట్టీలో పేరున్నవాడు అయ్యేసరికి ఆనింది. ఇందులో నేను గర్వపడవలసింది ఏమీ లేదు.

బిల్లుతోపాటు నా భర్త ఒక వంద నోటు పెట్టాడు. "వద్దు సార్" అన్నాడు కుర్రవాడు. చేతులు కడుక్కునే చోట నేను ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చి నిలబడ్డాడు.

"హోటలు మూసి, బల్లలు తుడిచి, నేల కడిగే వరకు పన్నెండున్నర అయితది మేడమ్. రూముకు పోయి పండుకునే వరకు ఒకటిన్నర. లేవ చాతగాక కాదు మేడమ్."

ఆ చివరి మాట నేను క్లాసులో అన్నదానికి జవాబు. వారంలో సెలవు ఏ రోజని అడిగాను. సెలవు అడిగితే మర్నాటినుంచి రావద్దంటారని చెప్పాడు.

దారిలో నా భర్త, "మనలాంటివాళ్ళు రాకపోతే అతనికి ఆ పని కూడా ఉండదు" అన్నాడు. ఇది చాలామంది అనే మాటే. అందులో కొంత నిజముంది. అందుకే అది ప్రమాదకరమైన మాట. మేము వెళ్ళటంవల్ల అతనికి పని ఉంటుంది. ఆ పని అర్ధరాత్రి దాటేదాకా ఎందుకు సాగాలో, వారానికి ఒక రోజు సెలవు ఎందుకు ఉండకూడదో మేము వెళ్ళటంవల్ల తేలదు. దుకాణాలూ, హోటళ్ళలో పనిచేసేవాళ్ళకు రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు, ఒక రోజు సెలవు అని 1988లోనే మన రాష్ట్రంలో చట్టం రాశారు. రాసిన చట్టాన్ని అమలు చేయించటానికి సంఘం ఉండాలి. ఒక్కడు అడిగితే అది మనవి. పదిమంది కలిసి అడిగితే గాని హక్కు కాదు. బల్ల మీద మేము పెట్టిన వంద నోటు ఆ పదిమందినీ కలపదు. మా మనసుకు మాత్రం కాస్త ఊరట ఇస్తుంది.

ఇది జరగని పని అనటానికి లేదు. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులు మూసేస్తున్నప్పుడు, వీధినపడ్డ నౌకర్లు ఏ.కె. గోపాలన్ అండతో సహకార సంఘాలుగా ఏర్పడి, 1957లో బెంగుళూరులో, ఢిల్లీలో, 1958లో తృశ్శూరులో ఆ పని తామే చేపట్టారు. నిన్న కప్పులు అందించినవాళ్ళే ఆ చోటుకు యజమానులైనారు. ఆ కాఫీ తాగుతూ సాహిత్యం, రాజకీయం చర్చించిన మేధావుల గురించి మనం చాలా చదివాం. కాఫీ అందించినవాళ్ళ గురించి అంతగా చదవలేదు.

నేను చేసింది చాలా తక్కువ. క్లాసులో అందరి ముందూ అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకున్నాను. తరవాత, రాత్రిపూట పనిచేసేవాళ్ళు ఎందరని అడిగాను. లేచిన చేతులు నేను అనుకున్నదానికన్న చాలా ఎక్కువ. పెట్రోలు బంకులో ఒకడు, బట్టల కొట్లో ఒకతె, ఇంటింటికీ పార్సిళ్ళు మోసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు. ఆ చేతులన్నీ ఒకేసారి చూసినాక అది ఒక బద్ధకపు కుర్రవాడి సమస్య కాదని ఎవరికైనా తెలుస్తుంది. తెలుగు పీరియడును మధ్యాహ్నానికి మార్చమని వాళ్ళే సంతకాలు చేసి అర్జీ ఇచ్చారు. పిల్లలు సంతకాలు పెట్టటం నేర్చుకోవటం మంచిది కాదని స్టాఫురూములో ఒక పెద్దాయన అన్నాడు. ఇది రాసేనాటికి ఆ అర్జీ ఇంకా తేలలేదు.

హోటళ్ళకు వెళ్ళటం మానలేదు. మానితే ఆ కుర్రవాడికి ఒక గంట నిద్ర పెరగదు, నాకు ఒక గంట ఏకాంతం తగ్గుతుంది. ఒక్క మార్పు చేశాం. పోయిన రెండో శనివారం నేను ఇంట్లో వంట చెయ్యలేదు. నలుగురం కలిసి వెళ్ళాం. అత్తగారు హోటల్లో కూర్చుని తినటం ఆమె బతుకులో అదే మొదటిసారి. "ఇంట్ల తిండి లేదా?" అని ఇన్నాళ్ళూ అడిగింది దెప్పటం కాదేమో, తనను ఎందుకు పిలవరని అడగటమేమో అని నాకు అక్కడ కూర్చున్నాక తోచింది.

తినటం అయాక ఆమె అలవాటుకొద్దీ లేచి, నాలుగు కంచాలూ ఒకదానిలో ఒకటి పేర్చి ఎత్తబోయారు. సర్వరు పరుగున వచ్చి వద్దన్నాడు. ఆమె కంచాలు అతని చేతికిస్తూ, "నువ్వు తిన్నవా బిడ్డా?" అని అడిగారు. అందరూ పోయినాక పదకొండుకు తింటామని అతను చెప్పాడు. ఇన్ని నెలలుగా హోటళ్ళు తిరిగిన నాకు ఆ ప్రశ్న ఒక్కసారి కూడా తట్టలేదు.

నా భర్త ముందు ఇంకా ఒక గిన్నె ఉండిపోయింది. "నువ్వు ఆ గిన్నె కూడా అందించు" అన్నాను.

అత్తగారు నావంక చూశారు. ఈసారి నేను మాట మార్చలేదు.