భాయిజాన్ కోసం వెతికిన మీటింగు



మన ఇళ్లలో షుగరు గురించి మాట్లాడతారు, బీపీ గురించి మాట్లాడతారు, పక్కింటి కోడలి జహేజ్ గురించి తెల్లార్లూ మాట్లాడతారు. శరాబు మాట మాత్రం ఎత్తరు. హరామ్ కాబట్టి మన దగ్గర అది లేనట్టే లెక్క. ఉన్న ఇంట్లోవాళ్లు తలుపులేసుకుని ఏడుస్తారు. ఇది మా ఇంటి సంగతి. భాయిజాన్ ఇజాజత్ ఇచ్చాకే రాస్తున్నాను.

మాది చోడవరం. 2022 ఏప్రిల్లో అనకాపల్లి జిల్లాలో కలిసింది గానీ, మా నోటికి ఇంకా విశాఖ జిల్లాయే. భాయిజాన్ లారీ డ్రైవరు. సీజన్లో గోవాడ ఫ్యాక్టరీకి చెరకు, మిగతా రోజుల్లో అనకాపల్లి మార్కెట్టుకి బెల్లం. లోడు దిగాక ఒళ్లు నొప్పులకని మొదలైన క్వార్టరు సీసా, పదేళ్లకి ఫజర్ అజాన్ వేళకే చేతిలోకి వచ్చేసింది.

ప్రతి రంజానుకీ తౌబా చేసేవాడు. నిజమైన తౌబాయే, నేను కళ్లారా చూశాను. ఆ ఏడు చాంద్ కనబడిన రాత్రే ఉన్న సీసా కాలవలో పారబోశాడు. రెండో రోజా నాడు సహరీలో నీళ్ల గ్లాసు పట్టుకోలేకపోయాడు, చేతులు అంత వణికాయి. మూడో రోజు అస్ర్ తర్వాత గోడ మీద పురుగులు పాకుతున్నాయని ఒకటే కేకలు. మొహల్లాలో ఒక పెద్దాయన జిన్నాత్ అన్నాడు, తావీజు కట్టించమన్నాడు. ఇంకొకాయన ఈమాన్ కమ్‌జోర్ అన్నాడు. అమ్మీ ఎవరి మాటా వినలేదు, ఆటో పిలిపించింది.

ఆస్పత్రిలో డాక్టరు చెప్పింది ప్రతి ఇంటికీ తెలియాలి. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒంటికి మందు ఒక్కసారిగా ఆగిపోతే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్సు, లేనివి కనబడటం వస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు. అది జిన్నూ కాదు, ఈమాన్ లోపమూ కాదు. దానికి ఇలాజ్ ఉంది: కొన్ని రోజులు మాత్రలిచ్చి మెల్లగా తగ్గిస్తారు, బి1 విటమిన్ ఎక్కిస్తారు. బీమార్‌కి రోజా విషయంలో అల్లా రుఖ్సత్ ఇచ్చాడు, తర్వాత కజా చేసుకోవచ్చు. ఇది ఆ తావీజు పెద్దాయనకీ తెలుసు, ఆ వేళకి గుర్తు రాలేదంతే.

డిశ్చార్జి రోజున డాక్టరు, "ఒళ్లు మేం బాగు చేశాం, రోజూ సాయంత్రం ఆరవుతుంది కదా, అప్పుడేం చేస్తాడు?" అని అడిగి, ఏఏ మీటింగుకి తీసుకెళ్లమన్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అట. చోడవరంలో నాకు దొరకలేదు. 14446కి ఫోన్ చేశాను. అది మత్తు మానాలనుకునేవాళ్లకి ప్రభుత్వం పెట్టిన టోల్‌ఫ్రీ నంబరు. ఒకరి తర్వాత ఒకరిని అడుగుతూ పోతే చివరికి విశాఖలో ఆదివారం జరిగే మీటింగు జాడ తెలిసింది.

భాభీకి ఒకటే భయం. "చర్చిలో పెడతారటగా, మతం మారుస్తారేమో?" నేను చదివి చెప్పాను. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టారు, ఒకాయన షేర్ల వ్యాపారి, ఇంకొకాయన డాక్టరు. మన దేశానికి 1957లో వచ్చింది. ఏ మజహబ్‌దీ కాదు. ఫీజు లేదు. తాగుడు మానాలన్న నియ్యత్ ఉంటే చాలు, ఇంకే షరతూ లేదు.

సబ్బవరం మీదుగా బస్సులో వెళ్లాం. ఒక స్కూలు గది, ప్లాస్టిక్ కుర్చీలు, టీ. ఆ రోజు ఇంటివాళ్లని కూడా రానిచ్చే మీటింగు కాబట్టి నేనూ కూర్చున్నాను. పేరొక్కటే చెప్పుకున్నారు. ఇంటి పేరు, కులం, ఊరు ఎవరూ అడగలేదు. ఎవరూ ఎవరికీ నసీహత్ చెయ్యలేదు, ఎవరి కథ వాళ్లు చెప్పుకున్నారు. అక్కడ విన్నది అమానత్, బయట చెప్పకూడదు. చోడవరం బజారులో మా దాదా పేరు తెలియనివాడు లేడు, గీబత్‌కి గంట చాలు. అంత దూరం వెళ్లడం మాకు మేలే అయ్యింది. తోటివాడి ఐబ్ మీద పర్దా వెయ్యమని మనకి చిన్నప్పుడే నేర్పారు గానీ, అది జరగడం నేను ఆ గదిలో చూశాను.

చివర అందరూ నిలబడి ఒక ప్రార్థన చెప్పారు. భాయిజాన్ తలవంచుకుని తన దువా తను చేసుకున్నాడు. ఎవరూ ఇదేమిటనలేదు.

ఒక మాట అనాలి. హరామ్ అన్నది హరామే, అందులో బహస్ లేదు. కానీ శరాబు హుకుమ్ ఒక్క రోజులో దిగలేదు. ముందు లాభం కన్నా పాపం పెద్దదన్నారు, తర్వాత నషాలో నమాజ్ దగ్గరికి రావద్దన్నారు, ఆ తర్వాతే పూర్తిగా ఆపారు. బయానుల్లో మనం చివరిది ఒక్కటే వినిపిస్తాం. సఫ్‌లో పక్కన నిలబడ్డవాడు వణుకుతుంటే ఏం చెయ్యాలో చెప్పం.

నాలుగో నెలలో ఒక షాదీకి వెళ్లి భాయిజాన్ మళ్లీ తాగాడు. భాభీ అన్నం ముట్టలేదు. ఆదివారం తనే లేచి, ఘుస్ల్ చేసి, బస్సెక్కాడు. అక్కడ ఎందుకు తాగావని అడగలేదట. కుర్చీ జరిపి టీ ఇచ్చారట. లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. ఇంటివాళ్లకి అల్-అనాన్ అని వేరే మీటింగు ఉంటుందని అక్కడే విని వచ్చి చెప్పాడు. ఈసారి భాభీ తనూ వస్తానంది, పిల్లల్ని అమ్మీ దగ్గర వదిలేసి.