ఎంగిలి లేని పాత్ర

గుంటూరు పేరు చెప్పగానే మనవాళ్ళకు మిరపకాయలూ, పొగాకూ గుర్తుకు వస్తాయి. ఆంధ్రదేశంలో లూథరన్ సంఘానికి పుట్టిల్లు కూడా ఆ వూరే. జర్మనీలో పుట్టి, అమెరికా నుంచి వచ్చిన హయ్యర్ పాదిరిగారు 1842 జూలై 31న అక్కడ అడుగుపెట్టారు.

లూథరన్ మిత్రుడొకరు రమ్మంటే ఒక ఆదివారం అక్కడి దేవాలయానికి వెళ్ళాను. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళితే, మగవారు ఒక వైపు, తలమీద కొంగు కప్పుకున్న ఆడవారు మరొక వైపు కూర్చుని వున్నారు. పాటల పుస్తకంలో కీర్తనల నెత్తిన రాగమూ, తాళమూ అచ్చువేసి వున్నాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారి వంటివారు రాసిన కీర్తనలు అందులో వున్నాయి. ప్రార్థనలు గ్రాంథికంలో వున్నా, నా ముందున్న ముసలమ్మ పుస్తకం చూడకుండానే అప్పజెబుతూ వుంటే తెలుగు పంతులుగా నాకెంతో ముచ్చట వేసింది.

పాపాల ఒప్పుకోలు, వాక్యపఠనం, ప్రసంగం అయ్యాక ప్రభు భోజనం. దీన్ని సంస్కారమంటారు. రొట్టె రొట్టెగా, ద్రాక్షరసం ద్రాక్షరసంగా వుంటూనే వాటితో క్రీస్తు శరీరరక్తాలు నిజంగా అందుతాయని లూథరు మతం. అవి గుర్తులు మాత్రమే అన్న జ్వింగ్లీతో 1529లో మార్బర్గ్‌లో వాదించి, ఆయన ఒక్క మెట్టు కూడా దిగలేదు. ఆ రోజుల్లో పడమటి దేశాల్లో పాత్ర గురువుకే. జనానికి రొట్టె మాత్రమే. పాత్ర అందరికీ అందాలని లూథరు పట్టుబట్టాడు.

ఆ పట్టుదలకు మన గడ్డమీద మరొక అర్థం వచ్చింది. పీఠం ముందు అందరూ వరుసగా మోకరించారు. డాక్టరుగారి పక్కన ఆటో నడిపే కుర్రవాడు. పాస్టరుగారు అప్పం నోటికందించి, వెనకనే ఒకే పాత్రను పెదవి నుంచి పెదవికి తెచ్చారు. ప్రతిసారీ అంచును తెల్లని గుడ్డతో తుడిచారు. పక్కవాడు ముట్టిన నీళ్ళు పారబోసిన దేశం మనది!

బయటకు వచ్చాక, "ఎంగిలి అనిపించదా, మాస్టారూ?" అన్నాను.

"ఆ పాత్ర దగ్గర అనిపించదండీ. పెళ్ళిసంబంధాల దగ్గరే మాలోనూ కులం గుర్తుకొస్తుంది," అన్నారాయన నవ్వకుండా.

ఇప్పుడు కొన్ని సంఘాలు ఎవరికి వారికి చిన్న గ్లాసులు ఇస్తున్నాయి. శుభ్రత మంచిదే. కాని ఆ పెద్ద పాత్ర మొదలుపెట్టిన పని ఇంకా పూర్తికాలేదు.