బెజవాడలో అద్దెయిండ్లు

కృష్ణవేణి యొడ్డున, ఇంద్రకీలాద్రి పాదమున వెలసిన విజయవాడను మనవా రిప్పటికిని బెజవాడ యనియే పిలుతురు. యాత్రార్థమై వచ్చువారు కనకదుర్గమ్మను సేవించి, ప్రకాశం బ్యారేజిపైనుండి నది నొకమాఱు చూచి, సాయంకాలపు రైలున మరలిపోవుదురు. ఇండ్లు చూచుటకై వచ్చినవారికి మాత్ర మీ పట్టణము వేఱొక రూపమున గానిపించును. కొండ యెక్కడ, కాలువ యెక్కడ, మెరక యెక్కడ, పల్ల మెక్కడ యను విచారణయే వారికి స్థలమాహాత్మ్యము.

మా వదినగారు, తండ్రిగారి పొలములో ఆడపడుచుగా తమకు వచ్చిన వాటా నమ్మి, ఆ సొమ్ముతో నొక యిల్లు కొని, దాని యద్దెతో కాలక్షేపము చేయవలెనని సంకల్పించిరి. వారికి భర్త లేరు, పింఛను లేదు, ఈ సొమ్ము చెడినచో మరల గడించు మార్గమును లేదు. కావున మే మిరువురము మూడు దినములు బెజవాడ వీథులు తిరిగితిమి. ఉపాధ్యాయుల కుటుంబమగుటచే బదిలీలతో పెక్కు అద్దెయిండ్లలో కాపురము చేసినదానను. ఇంటిని అద్దెకుండువారి కన్నులతో చూచుట నాకు కొత్త గాదు.

ఈ పట్టణమునకు నీరే ఐశ్వర్యము, నీరే భయము. 1855లో ముగిసిన ఆనకట్టయు, పిమ్మట 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజియు కృష్ణా డెల్టాకు సిరి దెచ్చినవి. బందరు, ఏలూరు, రైవసు కాలువలు ఊరి నడుమనుండియే పోవును. ఉత్తరమున మైలవరపు కొండలలో బుట్టిన బుడమేరు కొల్లేటివైపు సాగును. 2024 సెప్టెంబరు ఆరంభమున ఆ బుడమేరు పొంగి అజిత్ సింగ్ నగరము మొదలగు పేటలను ముంచెత్తెను. అదే సమయమున బ్యారేజివద్ద కృష్ణలో పదకొండు లక్షల క్యూసెక్కులకు మించిన వరద పారినది.

సింగ్ నగరమున నొక యింటి క్రిందిభాగము తక్కువ ధరకే వచ్చునని మధ్యవర్తి చెప్పగా చూడబోయితిమి. గోడలకు క్రొత్తరంగు వేసియున్నారు. ఆ యింట అద్దెకున్న యిల్లాలు మాకు మంచినీళ్లిచ్చి, తలుపు చట్రముపై రంగు క్రింద నింకను కనబడుచున్న బురదచాఱను చూపెను. “ఇంతవఱకు వచ్చినది తల్లీ! మేము మేడమీదివారి వసారాలో మూడు దినము లుంటిమి. మా యింటామె రెండు నెలల అద్దె వదలుకొని, తలుపులు, తీగెలు అన్నియు మార్పించినది. అందుకే మే మిల్లు విడువలేదు,” అనెను. మా వదినగా రామె మాట విని చాలసే పూరకుండి, “అమ్మాయీ, తక్కువ ధర యనగా మిగిలిన ధర వానకాలమున చెల్లించుటయే కదా!” అనిరి. ఇల్లు కొనదలచు సోదరీమణులారా, ఎండకాలమున మాత్రము చూచి బయానా ఈయకుడు. వాన వెలిసిన మఱునాడు పోయి చూడుడు. అమ్మువారినిగాక ఇరుగుపొరుగువారిని, ముఖ్యముగా అద్దెకున్నవారిని అడుగుడు.

కొండలమీది యిండ్లకును కష్టము వేఱుగా గలదు. మొగల్రాజపురమున ప్రాచీన గుహాలయములు చూడదగినవి. అచ్చటి కొండవాలులలో నిండ్లు మెట్లుమెట్లుగా నున్నవి. 2024 ఆగస్టు 31వ తేదీని ఆ ప్రాంతమున కొండచఱియ విఱిగిపడి కొందఱు ప్రాణములు గోల్పోయిరి. ముసలివారు మెట్లెక్కలేరు, గ్యాసుబండ పైకి చేర్చుటయు ప్రయాసమే. అద్దెకు వచ్చువారు తగ్గినకొలది అద్దెయు తగ్గును.

బెజవాడ అద్దెలకు రాజకీయములతోడ గూడ సంబంధము గలదు. 2014లో రాష్ట్రవిభజన జరిగెను. 2015లో అమరావతికి శంకుస్థాపన చేసిరి. 2016లో కచేరీలు హైదరాబాదునుండి తరలి రాగా ఉద్యోగులకు ఇండ్లు చాలక అద్దెలు పెరిగినవి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొన్నవారు దిగులుపడిరి. 2024లో ప్రభుత్వము మారినపిమ్మట అమరావతి పనులు మరల సాగినవి. ఒక ప్రకటనతో పెరిగిన అద్దె మఱియొక ప్రకటనతో తగ్గవచ్చును. బడి, ఆసుపత్రి, రైలుస్టేషను, బజారు దగ్గఱనున్న యింటికి మాత్రము ఏ ప్రభుత్వమున్నను కాపురమునకు వచ్చువారుందురు.

పటమటలో నొక వాటాయిల్లు చూపిరి. ధర 50 లక్షలు. అద్దె నెలకు 15,000 రూపాయలు. మా వదినగారికి ముచ్చట గలిగెను. అచ్చటనే కాగితముపై లెక్క వ్రాసితిమి. సంవత్సరమునకు అద్దె 1,80,000. ఒక నెల యిల్లు ఖాళీగా నుండునని 15,000 తీసివేసితిమి. పురపాలక పన్నుకును, మరమ్మతులకును 20,000 తీసితిమి. మిగిలినది 1,45,000. అనగా నూటికి మూడు రూపాయలైనను లేదు. బ్యాంకు డిపాజిటుపై వడ్డీ ఇంతకన్న నెక్కువ. ఇంటి విలువ పెరుగునను ఆశ గలదు గాని ఆశతో బియ్యము రావు. అప్పుచేసి కొన్నచో నెలవారీ వాయిదా అద్దెను మించిపోవును. కావున అద్దెపై బ్రతుకదలచినవారు అప్పుచేసి కొనరాదు. ఉన్న సొమ్మంతయు ఒక్కయింటనే పెట్టనురాదు.

పత్రముల విషయమున మొగమాటము పనికిరాదు. మూలపత్రములు వరుసగా నున్నవా యని న్యాయవాదిచే చూపింపవలెను. ముప్పది సంవత్సరములకు ఈసీ తీయించినచో రిజిస్టరైన తాకట్టులు, విక్రయములు బయటపడును. పురపాలక సంఘమువా రామోదించిన ప్లాను చూడవలెను. ప్లానులో లేని అంతస్తున వాటా కొనుట గాలిలో గూడు గట్టుటయే. పన్ను రసీదు అమ్మువారి పేర నున్నదా? వాటాయిల్లయినచో భూమిలో మన భాగ మెంతయో పత్రమున వ్రాసియున్నదా? ఇవి అడిగిన స్త్రీని గయ్యాళి యందురేని అననిండు.

అద్దెపత్రము తప్పక వ్రాసికొనవలెను. లోకమున పదకొండు నెలల పత్రములు వాడుకలో నున్నవి. అడ్వాన్సు ఎంత, కరెంటు, నీటి ఖర్చు లెవరివి, ఇల్లు విడుచుటకు ఎన్నాళ్లు ముందుగా చెప్పవలెను అను విషయములన్నియు అందుండవలెను. ఆదాయపు పన్ను లెక్కలో, అద్దెనుండి చెల్లించిన పురపాలక పన్ను తీసివేయగా మిగిలినదానిలో నూటికి 30 వంతులు మినహాయింతురు.

ఇల్లు ఎవరి పేర నుండవలెనన్న ప్రశ్న కూడ వచ్చినది. బంధువులలో కొందఱు మేనల్లునిపేర వ్రాయుమనిరి. యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు స్త్రీధనమను మాటకు విశాలమైన యర్థము చెప్పియున్నాడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ యాస్తిపై ఆమెకు సంపూర్ణాధికార మిచ్చినది. 2005 నాటి సవరణ కుమార్తెకు కుమారునితో సమానమైన వాటా నిచ్చినది. ఇన్ని తరములకు చేతికి వచ్చినదానిని మొగమాటముచే ఇతరులపేర బెట్టుట యెందులకు? మా వదినగారు తమ పేరనే కొనుటకు నిశ్చయించిరి.

మూడవదినమున సత్యనారాయణపురము వెళ్లితిమి. పూర్వము రైలుకట్ట యున్న స్థానమున నిప్పుడు వెడల్పైన రోడ్డు గలదు. దాని కీవల నొక సందులో, మొదటి మేడమీద, రెండుగదుల పాత వాటా అమ్మకమునకు వచ్చినది. అందమైనది గాదు. వంటిల్లు ఇఱుకు. కాని గాలి వచ్చును. బజారు నడచిపోవు దూరము. వరదనాడు నీ రింటిలోనికి రాలేదని పొరుగువారు చెప్పిరి. సొమ్ములో సగమునకు లోబడియే వచ్చును. తక్కిన సగము బ్యాంకున నుంచిరి. పత్రములు న్యాయవాదియొద్ద నున్నవి. ఆయన సరియనిన పిదపనే బయానా యిచ్చెదమని అమ్మువారితో మా వదినగారు స్వయముగా చెప్పిరి. అమ్మువారు తొందరపెట్టిరి, ఆమె తొందరపడలేదు.