ముందే డబ్బు కట్టించుకుని క్యూలో నిలబెట్టే దవఖాన

బ్రిటన్‌లో కొత్తగా దిగిన మన తెలుగువాళ్ళు ఎవరు కలిసినా ముందు చలి గురించి ఒక మాట, అద్దెల గురించి రెండు మాటలు, ఆ తర్వాత ఇక ఎన్‌హెచ్‌ఎస్ మీద తిట్లు. "జ్వరమని ఫోన్ చేస్తే పారాసిటమాల్ వేసి నీళ్ళు తాగించమన్నారండీ. ఆ మాత్రం మా అమ్మమ్మ చెప్పదా?" అని ఒకాయన. "స్పెషలిస్టు దగ్గరికి నేరుగా వెళ్ళనివ్వరట, ఇదేం దేశం?" అని ఇంకొకావిడ. నేను 2024 జూన్‌లో వచ్చాను. ఉండేది రెడింగ్, చేసేది మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పుట్టింది నారాయణఖేడ్ దగ్గర కంగ్టిలో. ఈ తిట్లు నేనూ చాలా విన్నాను. వాటిలో కొన్ని న్యాయమైనవే. కానీ చాలావాటి వెనక మనం ఊరి నుంచి మోసుకొచ్చిన లెక్క ఒకటి ఉందని నాకనిపిస్తుంది. డబ్బు కట్టాం కాబట్టి డాక్టరు మన పిలుపుకి పలకాలి అన్నదే ఆ లెక్క.

డబ్బు కట్టిన మాట నిజమే, అదీ తక్కువేం కాదు. వీసాకి దరఖాస్తు చేసేటప్పుడే ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌ఛార్జి అని ఒకటి వసూలు చేస్తారు. 2015లో మొదలుపెట్టినప్పుడు ఏడాదికి 200 పౌండ్లు. పెరుగుతూ పెరుగుతూ 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్ళకి 1,035, పిల్లలకి 776 అయింది. నేనూ, మా ఆవిడా, మూడేళ్ళ పాపా, మూడేళ్ళ వీసా. లెక్కేసుకోండి: 8,538 పౌండ్లు, మన డబ్బుల్లో తొమ్మిది లక్షల పైమాటే. వాయిదాలేవీ లేవు, విమానం ఎక్కకముందే మొత్తం కట్టేయాలి. వచ్చాక జీతంలో పన్నులు ఎలాగూ తప్పవు. ఎన్‌హెచ్‌ఎస్ నడిచేది ప్రధానంగా ఆ పన్నుల మీదే కదా, మరి వలస వచ్చినవాడు రెండుసార్లు కట్టడమేమిటి అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అది అన్యాయమనే నా అభిప్రాయం.

ఫోన్లో ఈ అంకె చెప్పగానే బాపు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్ని పైసలు కట్టినంక డాక్టరు ఇంటికే వస్తడు గదరా?" అన్నాడు.

రాడు బాపూ. మనమే ఫోన్ చేసి, క్యూలో ఉండి, రిసెప్షన్ ఆవిడ అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాక ఆయన చూడాలో అక్కర్లేదో తేలుతుంది.

ఇక్కడ అందరికీ మొదటి మెట్టు జీపీ, అంటే మన పేటలో ఉండే మామూలు డాక్టరు. అక్కడ పేరు రాయించుకోవాలి. చిరునామా రుజువు కావాలని కౌంటర్లో అడుగుతుంటారు గానీ, నిబంధనల ప్రకారం అది లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. కొత్తగా వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. అన్నట్టు, ఈ జీపీ క్లినిక్కుని ఇక్కడ 'సర్జరీ' అంటారు. నాలుగింటికి సర్జరీకి వెళ్తున్నామని మా ఆవిడ ఫోన్లో చెప్పిన రోజు కంగ్టిలో మా అమ్మ పొయ్యి మీది అన్నం మాడగొట్టింది. "పసిపిల్లకు ఆపరేషన్ ఏందే తల్లీ" అని ఒకటే ఏడుపు. నచ్చజెప్పేసరికి అరగంట పట్టింది.

ఆ రోజు సంగతి చెప్తాను. పాపకి రెండు రోజులుగా జ్వరం, 102. పొద్దున సరిగ్గా ఎనిమిదింటికి ఫోన్ చేస్తే నా ముందు పదకొండు మంది ఉన్నారని మెషిన్ చెప్పింది. చివరికి మనిషి దొరికింది. నీళ్ళు తాగుతోందా, మూత్రం పోస్తోందా, ఒంటి మీద దద్దుర్లేమైనా ఉన్నాయా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నాయా అని వరసగా అడిగింది. 'ఈమె డాక్టరా, ఈమెకెందుకు ఇవన్నీ' అని మనవాళ్ళకి మండేది ఇక్కడే. కానీ ఐటీవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? టికెట్ రాగానే సివియారిటీ అడగమూ? సర్వర్ పడిపోయినవాడినీ, ఫాంటు రంగు నచ్చనివాడినీ ఒకే వరసలో నిలబెడితే ఏమవుతుందో మనకి తెలుసు. కస్టమర్ ఎంత డబ్బిచ్చాడన్నదాన్ని బట్టి టికెట్‌కి అంకె వేసే కంపెనీలు కూడా మనకి తెలుసు. ఇక్కడ మాత్రం అంకె వేసేది జబ్బుని బట్టి.

సాయంత్రం నాలుగింటికి నర్సు చూసింది. వైరల్ జ్వరం, యాంటీబయాటిక్ అక్కర్లేదు, కాల్‌పాల్ చాలు అంది. (ఆ పేరు వినగానే ప్రాణం లేచొచ్చింది. మన మెడికల్ షాపుల్లో దొరికే కాల్‌పాల్‌ని ఇక్కడ పిల్లల మందుగా తెలియనివాళ్ళు లేరు.) మందు పది నిముషాల్లో అయిపోయింది గానీ, ఏమేం కనిపిస్తే వెంటనే తీసుకురావాలో ఒక కాగితం చేతిలో పెట్టి చదివి వినిపించింది. దద్దుర్లు వస్తే గాజు గ్లాసుతో నొక్కి చూడాలట, రంగు పోకపోతే 999కి ఫోన్ చెయ్యాలట. ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది. మా ఊళ్ళో ఇదే జ్వరానికి ఆర్ఎంపీ ఒక సూది, ఒక సెలైన్, మూడు రంగుల గోళీలు ఇచ్చి పంపేవాడు. మనకీ తృప్తిగా ఉండేది. ఆ సూదిలో ఏముందో మాత్రం ఆయన చెప్పడు, మనం అడగం.

మూడో రోజు చెవిపోటు మొదలైంది. 111కి ఫోన్ చేస్తే వీధి చివర ఫార్మసీకి వెళ్ళమన్నారు. 2024 జనవరి ఆఖరు నుంచి ఇంగ్లండ్‌లో ఏడు రకాల చిన్న జబ్బులకి ఫార్మసిస్టే చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ కూడా ఇచ్చే ఏర్పాటు పెట్టారు. పిల్లల చెవిపోటు అందులో ఒకటి. ఆయన చెవిలోకి లైటు వేసి చూసి, కంప్యూటర్లో రాసుకుని, మందిచ్చాడు. పదహారేళ్ళలోపు పిల్లలకి మందుల ఛార్జీ లేదు. పెద్దవాళ్ళకైతే ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకి 9 పౌండ్ల 90 పెన్నీలు, వేల్స్‌లో, స్కాట్లండ్‌లో అదీ లేదు. మెడికల్ షాపులో అడిగి మందు తెచ్చుకోవడం కంగ్టిలో మనం పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనే అని నవ్వొచ్చింది. తేడా ఏమిటంటే ఈయన చెవిలోకి చూశాడు, చూసింది రాశాడు, రాసింది మా జీపీకి చేరింది.

ఇంతా చెప్పి, అంతా బంగారమని అనను. 2023 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లో ఆసుపత్రి చికిత్స కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితా 77 లక్షలు దాటింది. 18 వారాల్లో చికిత్స మొదలవ్వాలన్న లక్ష్యం 2016 తర్వాత అందుకున్నది లేదు. మా ఆఫీసులో ఒకతను మోకాలి నొప్పికి తొమ్మిది నెలలు చూసి, విసిగి, సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్ళి వారంలో ఎమ్మారై తీయించుకుని వచ్చాడు. "చూడు, మన దేశమే నయం" అన్నాడు. అతనికి నయమే. చేతిలో పౌండ్లు ఉన్నాయి. అదే వారంలో, అదే మోకాలితో, మా ఊరి కౌలురైతుకి ఆ ఎమ్మారై ఎవరు తీస్తారు? మన దగ్గర క్యూ లేదని అతననుకుంటున్నాడు గానీ, క్యూ ఉంది. అందులో నిలబడేవాళ్ళు మనకి కనబడరంతే.

ఒక సంగతి చదివి నేను ఆశ్చర్యపోయాను. ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది 1948 జులై 5న. పెట్టినవాడు అనూరిన్ బెవన్, వేల్స్ గని కార్మికుడు. పదమూడేళ్ళకే గనిలో దిగినవాడు. ఆయన సొంతూరు ట్రెడిగర్‌లో కార్మికులు జీతంలో కొంత వేసుకుని డాక్టర్లను పెట్టుకునే సంఘం ఒకటుండేది, దాన్నే దేశమంతటికీ పెంచాడంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన దేశంలో కూడా ఒక కమిటీ కూర్చుంది. 1943లో వేసిన భోర్ కమిటీ. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని 1946లో నివేదిక ఇచ్చింది. మొదటి విడతగా 40 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలంది. 1952 నుంచి వాటిని కట్టడం మొదలైంది. ఇప్పటి లెక్క మైదానాల్లో 30 వేల మందికి ఒకటి, గిరిజన ప్రాంతాల్లో 20 వేలకి ఒకటి. అంటే కాగితం మీద ఇద్దరమూ ఒకేసారి బయల్దేరాం. మా కంగ్టి అప్పటికి నిజాం రాజ్యంలో, నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో. 1956లో గీత గీసి మమ్మల్ని ఇటు కలిపారు. గీత ఇటు పడ్డా, పెద్ద జబ్బు చేస్తే మావాళ్ళ కాళ్ళు ఇప్పటికీ బీదర్ వైపే వెళ్తాయి.

మరి తేడా ఎక్కడ వచ్చింది? డబ్బులో వచ్చింది, కాదనను. కానీ నా మటుకు పెద్ద తేడా ఇంకోటి. రెడింగ్‌లో జీపీ గదిలో నా పక్కన కూర్చునేది బస్సు డ్రైవరూ, బ్యాంకు మేనేజరూ. ఫోన్ ఎత్తకపోతే ఎంపీకి ఉత్తరం రాసేది ఆ మేనేజరు. మా దగ్గర ఆ మేనేజరు స్థానంలో ఉండాల్సిన పటేలూ, సారూ, నాలాంటి సాఫ్ట్‌వేర్‌వాడూ సర్కారు దవఖాన గడప తొక్కి ఎన్నేళ్ళయిందో. అడిగేవాళ్ళు వెళ్ళిపోయిన చోట మిగిలేది అడగలేనివాళ్ళు. అయినా ఏఎన్ఎమ్మమ్మ, ఆశ కార్యకర్త తండాలు తిరుగుతూనే ఉన్నారు. ఇక్కడ పాపని చూడటానికి హెల్త్ విజిటర్ అని ఒకావిడ పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చినప్పుడు నాకు గుర్తొచ్చింది వాళ్ళే. పనిలో పెద్ద తేడా కనపడలేదు. జీతంలో, కారులో కనిపించింది.

ఆరోగ్యశ్రీ లేదా అంటారేమో. ఉంది. 2007లో మొదలైంది, తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి పది లక్షలకి పెంచారు. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, దాన్ని తక్కువ చెయ్యను. కానీ అది ప్రధానంగా పెద్దాసుపత్రిలో చేరాక పనికొచ్చేది. గుండె ఆగబోయే రోజున ఆదుకుంటుంది, ఆ గుండెని అక్కడిదాకా తెచ్చిన ఇరవై ఏళ్ళ బీపీని చూడదు. ఆ ఇరవై ఏళ్ళూ చూసేవాడే జీపీ.

బాపు విషయంలో జరిగిందిదే. 2022లో ఒక రాత్రి ఛాతీ నొప్పి. ముందు ఆర్ఎంపీ, గ్యాస్ అన్నాడు. తర్వాత బీదర్, అక్కణ్ణుంచి హైదరాబాద్, నూరు కిలోమీటర్ల పైనే. నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డిపాజిట్ పడ్డాకే స్టెంట్ అంది. నేను బెంగుళూరులో కూర్చుని ఫోన్లోంచి డబ్బు పంపుతుంటే, రోజు పరిమితి దాటిందని బ్యాంకు ఆపేసింది. నా ఉద్యోగం పుణ్యమా అని మా ఇంటికి తెల్లకార్డు లేదు, ఆరోగ్యశ్రీ ఊసే లేదు. చిన్నాన్న ఎవరి దగ్గరో తెచ్చి కట్టాడు. బీపీ ఎన్నాళ్ళుగా ఉందని అక్కడి డాక్టరు అడిగితే, ఉందనే మాకెవరికీ తెలియదు.

ఇప్పుడు బాపు నెలకోసారి కంగ్టి సర్కారు దవఖానకే వెళ్తాడు. బీపీ, షుగర్ గోళీలు ఊరికే ఇస్తారు, పుస్తకంలో రాస్తారు. నేను పోరు పెట్టి పంపాను. "గంట నిలబడాలెరా" అంటాడు. నిలబడు బాపూ, నేనూ ఇక్కడ నిలబడుతున్నా అంటాను.

అమ్మనీ బాపునీ ఇక్కడికి తెచ్చుకోవాలని మా ఆవిడ ఆశ. 2012లో మార్చిన నిబంధనలతో తల్లిదండ్రుల్ని శాశ్వతంగా తెచ్చుకునే దారి దాదాపు మూసుకుపోయింది. విజిటర్ వీసా మీద రావచ్చు. ఎమర్జెన్సీ విభాగంలో చూసినంతవరకు డబ్బు అడగరు, కానీ వార్డులో చేర్చుకుంటే ఆసుపత్రి మామూలు లెక్కకి ఒకటిన్నర రెట్లు బిల్లు. ప్రయాణ బీమా వాళ్ళని అడిగాను. స్టెంట్ ఉందనగానే ఒకరు లేదన్నారు, ఇంకొకరు గుండెకి తప్ప మిగతా అన్నిటికీ ఇస్తామన్నారు. బాపుకి ఇది చెప్తే, "గుండె ఊర్ల వెట్టి వస్త తియ్" అన్నాడు.

టికెట్లు ఇంకా కొనలేదు.