గింజలకు కూడా డబ్బులా?

మా బోమాంట్ వీధి చివర ఒక చిన్న పచ్చిక బయలు ఉంది. ఊరికి కాగితం పంపితే కదా, ఈ బోమాంట్ ఎక్కడని అడుగుతారు. డబ్లిన్‌కు ఉత్తరపు వైపున, 1987లో తెరిచిన పెద్దాసుపత్రిని ఆనుకుని ఉన్న పేట. మనవాళ్ళు చాలామంది డ్యూటీ దిగి నడిచి ఇంటికి చేరేది ఈ పచ్చిక మీదుగానే. కొన్నేళ్ళ కిందట గొట్టాలు వెయ్యడానికి ఎవరో దాన్ని అడ్డంగా తవ్వి, పూడ్చి, వాళ్ళ దారిన వాళ్ళు పోయారు. మిగిలింది రాళ్ళూ బంకమట్టీ. వీధిలో వాళ్ళందరం కౌన్సిల్ అనుమతి తెచ్చుకుని ఆ మేర పూలు పెంచుదామనుకున్నాం. మన తెలుగు ఇళ్ళు నాలుగు, ఇంటికి ఇరవై యూరోలు ఇచ్చాం. తళతళలాడే డబ్బాలో అడవిపూల విత్తనాలని రాసి ఉన్నవి కొని, పిల్లల చేత చల్లించాం.

మొదటి ఏడు చూడాలి ఆ వైభవం! ఎర్రటి పాపీలు, నీలం కార్న్‌ఫ్లవర్లు. ఫొటోలు తీసి ఊరికి పంపుకున్నాం. రెండో ఏడు ముళ్ళకంపా డాక్ ఆకులూ తప్ప మరేమీ రాలేదు.

మా పక్కింటాయన జీవితమంతా తోటపని చేసి రిటైరయిన మనిషి. అడిగితే నవ్వాడు. అవి ఏటేటా దున్నే చేలల్లో మొలిచే మొక్కలట. నేల కదపకపోతే మళ్ళీ రావట. "ఆ గింజలు ఏ దేశంవో డబ్బా మీద ఉందా?" అన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని మరీ వెదికాం. లేదు.

ఐర్లండు మొత్తానికి 2015లో తేనెటీగల వంటి పురుగుల కోసం ఒక ప్రణాళిక వేశారు. అది చెప్పేదీ ఇదే. డబ్బా గింజలు కొని చల్లకండి, గడ్డి కోయడం తగ్గించండి, నేలలో దాగి ఉన్న గింజలే లేస్తాయి అని. కానీ నేలనే తిరగేసి పైమట్టి పోయినచోట దాగి ఉండేదేముంది? అక్కడ మాత్రం దగ్గరి పచ్చికల నుంచి గింజ తేవాల్సిందే. ఆయన మాకు ఎల్లో రాటిల్ అనే మొక్కను చూపించాడు. ఎండిన కాయ కదిపితే అచ్చం మన జనుము కాయలాగే గలగలమంటుంది. గడ్డి వేళ్ళను పీల్చి గడ్డి పొగరు తగ్గిస్తుంది, అప్పుడు మిగతా పూలకు చోటు దొరుకుతుంది. దాని గింజ పాతబడితే పనికిరాదు. ఆ ఏడాది గింజను ఆ శరత్తులోనే చల్లాలి, చలికాలమంతా అది నేలలో నానాలి. అంటే ఈ వేసవిలో ఏరేవాడు లేకపోతే వచ్చే వసంతంలో పువ్వు లేదు. దుకాణానికి పోయి కొనుక్కొచ్చే సరుకు కాదది.

సొంత గింజ లేక బయటినుంచి తెచ్చుకుంటే ఏమవుతుందో ఐర్లండుకు బాగా తెలుసు. 2012లో లీట్రిమ్ కౌంటీలో, ఐరోపా నుంచి దిగుమతి చేసుకున్న ఆష్ మొక్కల మీద ఒక బూజు తెగులు బయటపడింది. హర్లింగ్ ఆటకు సంప్రదాయంగా కర్రలు చేసేది ఈ ఆష్ కలపతోనే. ఇప్పుడు దేశమంతా ఆ చెట్లు కొనల నుంచి ఎండిపోతున్నాయి. ఆసుపత్రికి పోయే దారిలో కూడా చూస్తున్నాం.

ఇక మా ఊరి సంగతి చెప్పాలి. చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

మాది పాత అనంతపురం జిల్లా. ఊరి మేత బీడంతా సర్కారు తుమ్మ ఎక్కిపోయింది. ఆరేడేళ్ళ కిందట మేము ముప్పైవేల రూపాయలు పంపి అక్కడ మొక్కలు నాటించమన్నాం. నర్సరీలో ఏముంటే అవే తెచ్చారు, జామాయిలు సగం, పేరు తెలియని పూలచెట్లు సగం. నాటిన రోజు ఫొటోలు, కొబ్బరికాయలు. రెండు ఎండాకాలాలకు ఏమీ మిగల్లేదు. అంతకు ముందే మా పెదనాయన ఫోనులో ఒక మాట అన్నాడు. "నాయనా, మొక్కలు వద్దు. ఈ ఎండాకాలం గొర్రెలకాపరి పిల్లోళ్ళకు కూలి ఇచ్చి కొండ మీద గింజలు ఏరిపిస్తా. నారేపి, చండ్ర, బోదగడ్డి. వానకు ముందు చల్లుదాం. కూలికి ఐదువేలు పంపు చాలు." మేము నవ్వాం. "గింజలకు కూడా డబ్బులా పెదనాయనా, ఊరికే దొరుకుతాయి గదా" అన్నాం. ఆయన మళ్ళీ అడగలేదు.

ఏ చెట్టు కాయ ఏ నెలలో పండుతుందో, ఏ గింజను పురుగు తినకముందే ఏరాలో ఊళ్ళో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పోయినేడు ఆయన కాలం చేశాడు.

ఆయన చెప్పింది వింత సంగతేమీ కాదు. మా ఊరికి ఎంతో దూరం లేని చెన్నేకొత్తపల్లి దగ్గర, 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వాళ్ళు చేసింది అదే. కల్పవల్లి అని పేరు పెట్టిన వేల ఎకరాల రెవెన్యూ బంజరులో ఊళ్ళవాళ్ళు నిప్పు పడకుండా కాపలా కాశారు, గింజలు గుచ్చారు. ఈత, బోదగడ్డి తిరిగి వచ్చాయి. జహీరాబాదు వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ళు పంట విత్తనాలను ఊరి గాదెల్లో దాచి, అవసరమైనవాళ్ళకు కొలిచి ఇస్తారు. తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక ఎక్కువ కొలిచి తిరిగి పోస్తారు. మన నాగు పద్ధతే. అడవి గింజకు అటువంటి గాదె ఏది?

అమెరికాలాంటి దేశంలోనూ ఇదే బాధ. పడమటి రాష్ట్రాల్లో సర్కారు భూములు కాలిపోయినప్పుడల్లా విత్తనం కోసం ఒక్కసారిగా పరుగెత్తడం, అది దొరక్క ఏది దొరికితే అది చల్లడం. స్థానిక విత్తనాలకు 2015లో జాతీయ వ్యూహం రాసుకున్నారు, 2021 చట్టంలో కొంత డబ్బు కేటాయించారు. అయినా 2023లో వాళ్ళ నేషనల్ అకాడమీలు నివేదిక ఇస్తూ సరఫరా బొత్తిగా చాలదన్నాయి. ఎంత కొంటారో ముందే చెప్పేవాడు లేకపోతే ఏ రైతు అడవిగడ్డి గింజ పండిస్తాడు? మన దేశంలో అడవి పోయినచోటికి బదులుగా చెట్లు పెంచడానికి 2016లో చట్టమే చేశారు, నిధి పెద్దదే. కానీ మా ఊళ్ళో మేము చూసినంతలో, డబ్బు వచ్చేది గుంత తవ్వే రోజుకే. గింజ కావలసింది దానికి రెండేళ్ళ ముందు.

పోయిన నెల సంఘం మీటింగులో ఊళ్ళకు మొక్కల కోసమని పోగుచేసిన ఆరువందల యూరోల మీద వాదన జరిగింది. ఫొటోలేమీ రావని ఒకరన్నారు. నిజమే, గోనెసంచీ ఫొటో ఏం బాగుంటుంది? చివరికి సగం మొక్కలకు, సగం గింజలు ఏరే కూలికి అని ఒప్పుకున్నారు. మా పెదనాయన కొడుకు ఆ కాపరి పిల్లలనే పట్టుకున్నాడు. వాళ్ళలో ఇద్దరికి పెద్దాయన వెంట తిరిగిన గుర్తుందట. నారేపి కాయలు ఒకటిన్నర సంచీ ఏరి నీడన ఆరబెట్టారు. చండ్ర మాత్రం పురుగు తినేసింది, ఆలస్యమైపోయిందన్నాడు.

ఇక్కడ పక్కింటాయన ఎల్లో రాటిల్ గింజ ఒక కవరు నిండా ఇచ్చాడు, తెలిసినవాళ్ళ పచ్చికలో అడిగి ఏరినదట. వచ్చే ఆదివారం పదిన్నరకు, వాన పడకపోతే, చల్లుతున్నాం. రేకులు ఉన్నవాళ్ళు తెండి, ముందు గడ్డి గీకాలి. టీ మా ఇంట్లోనే.