పానకమూ, ప్రాయమూ

త్రాగడం వేరు, రుచి చూడడం వేరు. మొదటిది దాహానికి సంబంధించినది; రెండవది వివేకానికి సంబంధించినది. దాహం తీరినవాడు పాత్రను క్రింద పెట్టి దానిని మరచిపోతాడు. రుచి చూసేవాడి అసలు పని పాత్రను క్రింద పెట్టిన తరువాతనే మొదలవుతుంది. ఈ భేదం అందరికీ తెలిసినట్లే ఉంటుంది గాని, దానిని పాటించలేక ఆరోగ్యాన్నీ, ఆయుస్సునూ పోగొట్టుకున్నవారికి చరిత్రలో కొదువ లేదు. ఈ విషయాన్ని గూర్చి ఆలోచించడానికి సూరతు పట్టణం మిక్కిలి తగినది. ఒకప్పుడు దేశదేశాల పానీయాలు ఆ రేవులో దిగేవి. నేడు మద్యనిషేధం అమలులో ఉన్న గుజరాతు రాష్ట్రంలో అది ఒక మహానగరం.

1615 సెప్టెంబరులో ఇంగ్లండు రాజు దూతగా సర్ థామస్ రో సూరతు రేవులో దిగి, అక్కడినుండి జహాంగీరు కొలువున్న అజ్మీరుకు ప్రయాణమైపోయాడు. మరుసటి సంవత్సరం చక్రవర్తి జన్మదినోత్సవంనాడు అతనికి ఒక బంగారు పాత్రలో మద్యం అందింది. అది సగం ద్రాక్షనుండి తీసినది, సగం మరొక విధంగా చేసినది. రెండూ కలిపిన మిశ్రమం. అంతటి ఘాటైన పానీయాన్ని ఎన్నడూ ఎరుగని రో దానిని పుచ్చుకొని తుమ్మాడు, చక్రవర్తి నవ్వాడు. ఆ నవ్విన చక్రవర్తి సంగతి ఆయన ఆత్మకథలోనే ఉన్నది. యౌవనంలో రోజుకు ఇరవై పాత్రల సారా సేవించిన రోజులున్నాయనీ, చేతులు వణకి పాత్ర నిలవక ఇతరులు పట్టుకొని త్రాగించవలసి వచ్చేదనీ, వైద్యుడు హెచ్చరించిన మీదట క్రమంగా తగ్గించుకున్నాననీ ఆయన దాపరికం లేకుండా వ్రాసుకున్నాడు. చిత్రకారుని కుంచె వ్రాలును గుర్తించగల సూక్ష్మదృష్టి ఆయనకు ఉండేది. కాని ఆ దృష్టి పాత్రవరకు వచ్చేసరికి మసకబారింది.

సూరతులోని ఇంగ్లీషు వర్తకుల భోజనశాలను 1689లో జాన్ ఓవింగ్టన్ అనే పురోహితుడు చూశాడు. అతని యాత్రాగ్రంథం 1696లో అచ్చయింది. అక్కడ వంటవారు ముగ్గురు: ఒకడు ఇంగ్లీషువాడు, ఒకడు పోర్చుగీసువాడు, ఒకడు ఈ దేశంవాడు. పారసీక దేశంనుండి వచ్చే షీరాజు ద్రాక్షాసవమూ, దేశీయమైన సారాతో కలిపిన 'పంచి' అనే పానీయమూ ఆ బల్లమీద ఉండేవి. ఆ పేరు హిందీలోని 'పాంచ్' నుండి వచ్చిందని, సారా, చక్కెర, నిమ్మరసం, నీరు, సుగంధద్రవ్యం అనే అయిదింటి కలయిక కనుక అలా పిలిచారని పెద్దలు చెబుతారు. ఐరోపానుండి వచ్చిన ద్రాక్షాసవాలు ఎంత వెల చెప్పినా వర్తకులు కొనేవారట. పూర్వపరిచయమున్న రుచి గనుక నాలుక వాటిని కోరేదట. ఓవింగ్టన్ మరొక విశేషం కూడా వ్రాశాడు. డచ్చివారి శ్మశానంలో ఒక ఉల్లాసవంతుడైన అధికారి సమాధి ఉన్నదనీ, దానిపై మూడు పెద్ద పంచి పాత్రలు కట్టారనీ, మిత్రులు అక్కడ చేరి అతనిని స్మరిస్తూ ఒక్కొక్కసారి తమను తామే మరచిపోతారనీ అతడు చెప్పాడు. చనిపోయినవానిని తలచుకోవడానికి వచ్చి తమ్మునే మరచినవారు! త్రాగుడుకు ఇంతకంటె నిష్పాక్షికమైన వ్యాఖ్యానం దొరకడం కష్టం.

ఫ్రెంచివారు ఈ దేశంలో తమ మొదటి వర్తకస్థానాన్ని 1668లో సూరతులోనే నెలకొల్పారు. మరుసటి సంవత్సరం మన తెలుగు తీరాన మచిలీపట్టణంలో రెండవది వెలిసింది. వారి స్వదేశంలో బోర్డో ప్రాంతపు ఎఱ్ఱ ద్రాక్షాసవం జగత్ప్రసిద్ధమైనది. అది ఒక్క జాతి ద్రాక్షతో చేసినది కాదు. కాబర్నే సొవిన్యాన్, మెర్లో అనేవి అందులో ముఖ్యమైన జాతులు. కాబర్నే ఫ్రాన్, పెతి వెర్దో మొదలైనవి కొద్దికొద్దిగా చేరుతాయి. మొదటిదానికి తోలు దళసరి, వగరు ఎక్కువ, ఆలస్యంగా పండుతుంది. శరత్కాలపు వానలకు అది భయపడుతుంది. మెర్లో ముందుగా పూచి ముందుగా పండుతుంది, మృదువైనది. వసంతంలో పడే మంచు దానికి శత్రువు. రెండింటినీ పెంచే రైతుకు ఒకటి చెడినా మరొకటి మిగులుతుంది. జొన్నచేలో కంది సాళ్లు వేసే తెలంగాణ రైతుకు ఈ యుక్తిని ఎవరూ బోధించనక్కరలేదు.

అయితే కలపడం భద్రతకోసం మాత్రమే కాదు. శ్రీరామనవమినాడు పందిట్లో పంచే పానకాన్ని తలచుకుంటే ఇందలి రహస్యం బోధపడుతుంది. బెల్లపు తీపి, మిరియపు కారం, ఏలకుల వాసన వేటికవి వేరు. కలిసిన తరువాత పుట్టే రుచి వాటిలో ఏ ఒక్కదానిదీ కాదు. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో రసాన్ని వివరించేటప్పుడు భరతముని వ్యంజనాలతో కూడిన భోజనాన్ని ఉపమానంగా తీసుకున్నాడు. తరువాతి ఆలంకారికులు పానకరసాన్ని ఉదాహరించారు. బోర్డోలో ద్రాక్షాసవాలను మేళవించే నిపుణుడు ఆ గ్రంథాలను చదివి ఉండడు గాని, అతడు చేసే పని ఆ న్యాయానికి భాష్యమే. ఒకదాని వగరు మరొకదాని మార్దవంలో లీనం కావాలి. కాని రెండూ నశించకూడదు.

ఇక ప్రాయం సంగతి. సూరతు పరీక్షకుల పట్టణం. లోకంలో సానపట్టే వజ్రాలలో అధికభాగం అక్కడి చేతులమీదుగా పోతుంది. తెల్లకాగితపు మడతలో రాయిని ఉంచి, కంటికి భూతద్దం ఆనించి, రంగును, నిర్మలత్వాన్ని, కోతను, తూకాన్ని నిర్ణయించేవారు ఆ ఊరిలో వీధివీధికీ ఉంటారు. ద్రాక్షాసవపు పరీక్షకుడు కూడా తెల్లని గుడ్డపైన గాజుపాత్రను వాల్చి, ముందుగా రంగునే చూస్తాడు. కాని వజ్రానికి వయస్సు లేదు. నిన్న చెప్పిన తీర్పు నూరేండ్లకైనా చెల్లుతుంది. ద్రాక్షాసవానికి బాల్యం, యౌవనం, వార్ధక్యం, మరణం ఉన్నాయి. కొత్తదైనప్పుడు అది ఊదారంగు కలిసిన ఎరుపు. నాలుకను పట్టివేసే వగరు. ఏండ్లు గడచినకొద్దీ ఆ వగరునిచ్చే పదార్థాలూ, రంగునిచ్చే పదార్థాలూ ఒకదానితో ఒకటి పెనవేసుకొని మడ్డిగా అడుగున దిగుతాయి. రంగు ఇటుకవన్నెకు తిరుగుతుంది. పండ్ల వాసన వెనుకకు తగ్గి, దేవదారు చెక్క, పొగాకు, తోలు, వాన పడిన మన్ను గుర్తుకు తెచ్చే వాసనలు పైకి వస్తాయి. చల్లని చీకటి నేలమాళిగలో, బిరడా ఎండకుండా అడ్డంగా పరుండిన సీసాలో ఈ పరిణామం నెమ్మదిగా జరుగుతుంది. సూరతు వేసవిలో పడవేస్తే అది కొద్దికాలంలోనే చెడిపోతుంది.

పాతదల్లా మంచిదన్న లోకోక్తి ఇక్కడ చెల్లదు. అనేక ద్రాక్షాసవాలు కొద్ది సంవత్సరాలలోనే త్రాగవలసినవి. వాటిని దాచినవాడికి మిగిలేది పులుపే. వార్ధక్యాన్ని భరించడానికి బాల్యంలో వగరు ఉండాలి. పుట్టుకతోనే అందరినీ మెప్పించినది చాలాకాలం నిలవకపోవడం, మొదట నోటికి కటువైనది కాలక్రమాన గంభీరమై నిలవడం మనుష్యులలోనూ, గ్రంథాలలోనూ కనిపించే విషయమే.

పరీక్షకుని విధానం చూడడానికి సులభం. మడ్డి కదలకుండా వేరొక పాత్రలోకి వంపాలి; మొదట చూడాలి; పాత్రను మెల్లగా త్రిప్పి వాసన పట్టాలి; ఒక గ్రుక్కను నోరంతా తిప్పాలి; ఆ తరువాత రుచి ఎంతసేపు నిలుస్తుందో గమనించాలి. కష్టమంతా నిష్పక్షపాతంగా ఉండడంలో ఉన్నది. 1855లో పారిస్ ప్రదర్శనకై బోర్డో ద్రాక్షాసవాలకు అయిదు తరగతులు ఏర్పరచారు. ఆ పట్టికకు ఆధారం నాలుక కాదు, అప్పటి వెలలు. అయినా నేటికీ అది దాదాపు చెక్కుచెదరలేదు. 1973లో ముతోన్ రోత్‌షిల్డ్ రెండవ తరగతినుండి మొదటి తరగతికి పెరగడం అందులో అరుదైన మార్పు. 1976లో పారిస్‌లోనే పేర్లు మరుగుపరచి పరీక్ష జరిపినప్పుడు, ఫ్రెంచి న్యాయనిర్ణేతలు ఎఱ్ఱవాటిలో కాలిఫోర్నియాకు చెందిన ఒకదానికి అగ్రస్థానం ఇచ్చారు. 2001లో ప్రచురితమైన ఒక పరిశోధన మరింత కఠినమైనది. బోర్డోలో 54 మంది విద్యార్థులకు రుచిలేని రంగు కలిపి ఎఱ్ఱగా మార్చిన తెల్ల ద్రాక్షాసవం ఇస్తే, వారు దానిని ఎఱ్ఱదానికి వాడే మాటలతోనే వర్ణించారు. ముక్కుకంటె ముందు కన్ను తీర్పు చెప్పివేసింది. వెల, పేరు, రంగు అనే మూడు తెరలనూ తొలగించుకొని చూడగలిగినవాడే పరీక్షకుడు.

సూరతులో లింబాయత్ మొదలైన పేటలలో తెలంగాణనుండి వలసవచ్చిన పద్మశాలి నేతపనివారు వేలాదిగా ఉన్నారు. ఫ్రెంచి సీసా వారి ఇండ్లకు వచ్చేది కాదు. కాని వారి ఊళ్లలో పెద్దలకు పోతుతాటి కల్లుకూ, పండుతాటి కల్లుకూ రుచిలో గల భేదం తెలుసు. తెల్లవారుజామున దింపిన కల్లు తీపి. సాయంకాలానికి అది పులుపు. బోర్డోలో ముప్ఫై ఏండ్లలో జరిగే జీవితచక్రం తాటిచెట్టు క్రింద ఒక్క పగటిలో ముగిసిపోతుంది. దానిని గమనించే నాలుక మాత్రం ఒకటే. రుచిజ్ఞానం ధనవంతుల సొత్తు అనుకోవడం పొరపాటు.

అయినా చట్టం రుచిజ్ఞుని ఉద్దేశించి పుట్టలేదు. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం, 1960లో గుజరాతు ప్రత్యేక రాష్ట్రమైన తరువాత కూడా అక్కడ కొనసాగింది. పన్నెండు గంటలు మగ్గం ముందు నిలబడినవాడు రుచికోసం త్రాగడు. అలసటను మరవడానికి త్రాగుతాడు. అతని కూలి ఇంటికి చేరాలన్న ఆశయాన్ని తేలికగా త్రోసివేయరాదు. అదే సమయంలో, 2009 జూలైలో అహమ్మదాబాదులో కల్తీసారా నూరుమందికి పైగా ప్రాణాలు తీసిన సంగతి కూడా మరువరాదు. నిషేధం పాత్రను దూరం చేయగలదు గాని దాహాన్ని దూరం చేయలేదు. దొంగచాటుగా గడగడ మ్రింగేవాడికి ఏది త్రాగుతున్నాడో చూచుకునే తీరిక ఉండదు. ఆ తీరిక లేకపోవడమే విషానికి దారి తీస్తుంది.

వృత్తిపరీక్షకులు ఒక్కొక్క దినం పదులకొద్దీ ద్రాక్షాసవాలను రుచి చూస్తారు. చూచినదానిని మ్రింగరు, ప్రక్కనున్న పాత్రలో ఉమిసివేస్తారు. లోకులకు ఇది వింతగా కనిపిస్తుంది. ఎంతో వెల పెట్టి, ముప్ఫై ఏండ్లు కాపాడిన వస్తువును ఉమియడమా అని నవ్వుతారు. కాని మ్రింగినవాడు పదవ పాత్రకు తీర్పు చెప్పలేడు. రసాన్ని గ్రహించి ద్రవ్యాన్ని విడిచిపెట్టడమే ఆ విద్యకు ఆది, అంతం. జహాంగీరుకు చేతకానిది, డచ్చి సమాధివద్ద చేరిన మిత్రులకు తోచనిది ఈ విడిచిపెట్టడమే. చట్టం బయటినుండి శాసించేది కూడా ఇదే. లోపలినుండి దానిని అలవరచుకున్నవాడికి చట్టంతో పని తక్కువ.