శంషాబాదు వాకిట వంటపుస్తకము

హైదరాబాదులో మెహదీపట్నముకడ పైవంతెన నెక్కి, ఆరాంఘరువద్ద దిగి, బెంగుళూరు రహదారి పట్టినవారు శంషాబాదు చేరుదురు. ఊరు పాతది. ఇక్కడి రైలుస్టేషనుకు ఉందానగరమని పేరు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు బేగంపేటనుండి ఇక్కడికి తరలివచ్చినది మొదలు, శంషాబాదన్నచో తెలుగు తల్లులకు ఊరు గుర్తునకు రాదు. బిడ్డను సాగనంపిన గాజుతలుపు గుర్తునకు వచ్చును.

ఆ తలుపునకు ఇవతలి వసారా చూడదగినది. టిక్కెట్టు లేనివారిని లోనికి పోనీయరు గనుక వీడుకోలులన్నియు ఇక్కడనే. ఆగస్టు మాసమున, అమెరికా కళాశాలలు తెరచు దినములలో, రాత్రివేళ వచ్చి చూడుడు. ఒక్కొక్క విద్యార్థి చుట్టును ఇంటిల్లిపాదియు నిలిచియుందురు. పెక్కు విమానములలో పెట్టె యొక్కటికి 23 కిలోలే మేర. బరువు మించినదని తెలియగానే పెట్టెలు నేలపై విప్పుదురు. దుప్పటి తీయుదురు, చెప్పులు తీయుదురు. కందిపొడి జోలికి మాత్రము ఎవ్వరును పోరు. ఆవకాయ డబ్బాను చేతిసంచిలోనికి మార్చుకొన్నవారికి లోపల మరియొక చిక్కు కలదు. నూనె తేలు పచ్చడిని ద్రవముగా నెంచి, 100 మిల్లీలీటర్లు మించినచో తనిఖీవారు ఆపివేయుదురు. వేసవియంతయు పడిన శ్రమ అక్కడి బుట్టపాలగును.

అట్టి సందడిలో ఒకనాడు ఒక యిల్లాలు కుమార్తె సంచిలో అట్ట చినిగిన పుస్తకమొకటి దూర్చుచుండగా చూచితిని. అది మాలతీ చందూరుగారి ‘వంటలు - పిండివంటలు’.

“అన్నీ ఫోనులో ఉన్నాయి కదమ్మా!” అన్నది పిల్ల.

“ఉండనీయవే, నా రాతలు ఫోనులో లేవుగా” అన్నది తల్లి.

పిల్ల మాటలోను న్యాయము లేకపోలేదు. తెనాలి ప్రాంతపు గుడివాడ గ్రామమున నూరేండ్లు దాటిన మస్తానమ్మగారు కట్టెలపొయ్యిమీద వండిన వంటలను యూట్యూబులో లోకమంతయు చూచినది. ఆమె 2018లో గతించినది. ఆమె చేయి ఎట్లు ఆడెడిదో ఇప్పటికిని చూడవచ్చును. ఏ పుస్తకమును ఆ చేతిని చూపజాలదు. పాకము తీగ సాగుట, పోపు చిటపటలాడుట అచ్చులో చదివి తెలిసికొనుట కష్టమే. ఈ మాట ఒప్పుకొనక తప్పదు.

అయినను తల్లి చెప్పిన ‘నా రాతలు’ అను మాట నన్ను వదలలేదు. ఫోనులో గుత్తివంకాయకు వందలకొలది విధములు దొరకును. మన యింటి విధమేదో అది చెప్పదు. ఈ నెల వండి మెచ్చుకొన్నది మరుసటి నెల వెదకినచో కనబడకపోవచ్చును. పుస్తకములో 40వ పుట ఎప్పుడును 40వ పుటయే. దాని అంచున ‘మామగారికి కారము సగము’ అని వ్రాసినచో, అది ఆ కుటుంబపు చరిత్రలో ఒక పంక్తి. పసుపు మరక పడిన పుట ఆ యింట తరచుగా వండిన వంటను దానంతట అదియే చెప్పును.

పొరుగున తమిళమున మీనాక్షి అమ్మాళ్ 1951లో ప్రచురించిన ‘సమైత్తుప్పార్’ కొత్త పెండ్లికూతుళ్లకు బహుమానమైనది. పుట్టిల్లు విడుచు పిల్లకు పుస్తకమిచ్చుట మనకు కొత్త ఆచారము కాదన్నమాట. అప్పుడు ఎద్దుబండియో రైలో, ఇప్పుడు విమానము.

ఒక్క హెచ్చరిక. పాత పుస్తకములను, అమ్మమ్మల నోటుపుస్తకములను ఉన్నవి ఉన్నట్లు ఇచ్చుట చాలదు, కొలతలు మారినవి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక యని నేటి పిల్లలలో ఎందరికి తెలియును? శేరు మరింత మోసకారి. కోస్తాజిల్లాలలో తూకపు శేరు 24 తులములు, అనగా సుమారు 280 గ్రాములు. హైదరాబాదు రాజ్యమున పక్కాశేరు 80 తులములు, సుమారు 930 గ్రాములు. 1956లో తూనికల చట్టము వచ్చి కిలోలు నెలకొన్నవి గాని, అమ్మమ్మ చేతివ్రాత మారలేదు గదా! గుంటూరు అమ్మమ్మ వ్రాసిన శేరును తెలంగాణపు కోడలు తనదిగా తలచినచో ఉప్పు మూడింతలగును.

కావున పిల్ల ప్రయాణమునకు నెల ముందే పుస్తకము ముందుంచుకొని కూర్చుండుడు. పిల్ల తఱచుగా అడుగు పది పండ్రెండు వంటలు చాలును. ఒకసారి తూచి వండి, గ్రాములు అంచున వ్రాయుడు. ముఖ్యముగా ఊరగాయలకు ఉప్పును చెంచాలలో వ్రాయవలదు. అమెరికాలో కోషరను పేర అమ్ము రవ్వయుప్పు చెంచాకు మన మెత్తని ఉప్పుకంటె తక్కువ తూగును. చెంచాలు లెక్కపెట్టి కలిపిన ఆవకాయకు ఉప్పు చాలక బూజు పట్టును.